ఎమ్మే సీటు బేరం

వరండా బెంచీల మీద కూర్చున్నవాళ్ళని లీలారాణి ఒకసారి కళ్ళతోనే తూకం వేసింది. అందరూ ఇరవై దాటీ దాటని పిల్లలు. తాజా సరుకు. తనకి నలభై ఆరు. డిగ్రీ కూడా పెళ్ళయిన చాలా ఏళ్ళకి దూరవిద్యలో చేసింది. పాతబడి నల్లబడ్డ చింతపండుని కొత్తవలసలో ఎవరూ ముట్టుకోరని ఆమెకి తెలుసు. ఆమె వ్యాపారమే అది.

"ఏటే, సెమటలు పట్టేస్తన్నాయి?" పక్కన నిలబడ్డ భర్త ఎలీషా నవ్వాడు. "కొట్లో అయితే ఎవుడొచ్చినా గడగడలాడించేస్తావు."

"అక్కడ కాటా నా సేతిలో ఉంటాది. ఇక్కడ నేనే కాటా మీదున్నాను."

విజయనగరంలోని ఈ కాలేజీలో ఎమ్మే ఎకనమిక్స్ సీటు రాకపోతే ఇంకెక్కడా అడగనని ఇంట్లో చెప్పేసింది. చెప్పిందే గానీ, నాలుగు రోజులుగా ముద్ద దిగడం లేదు.

పిల్లలు ఒక్కొక్కరే ఎదురుగదిలోకి వెళ్ళి వస్తున్నారు. ఆమెని మాత్రం వరండా చివరిగదిలోకి పిలిచారు.

ఎకనమిక్స్ హెడ్డు నరసింగరావు మాస్టారు లేచి, కుర్చీ తనే జరిపారు. టీ తెప్పించారు.

లీలారాణి గుండె జారిపోయింది. ఎవరి సరుకు వద్దనుకుంటుందో వాళ్ళకే తనూ ముందు టీ ఇప్పిస్తుంది.

"దూరవిద్య డిగ్రీ. ఆ తర్వాత చాలా గ్యాపు," అన్నారాయన సర్టిఫికెట్లు తిరగేస్తూ. "ఇందులో లెక్కలు ఎక్కువమ్మా. తట్టుకోగలరా?"

"లెక్కల మీదే బతుకుతున్నాం సార్."

"రోజూ రాగలరా?"

"పొద్దున్నే పాసింజరెక్కేస్తానండి. కొట్టు మా ఆయన సూసుకుంటారు."

"సీజనొస్తే? ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే? పోయినేడు చేరినవాళ్ళు దసరా సెలవులకి వెళ్ళి మళ్ళీ మొహం చూపించలేదు."

వంక మీద వంక. కాదనడానికి దారి వెతుకుతున్నాడని ఆమెకి తేలిపోయింది.

"అసలు ఈ వయసులో ఎందుకమ్మా?"

"రేటు ఎప్పుడు పడిపోతాదో నాకు తెలుస్తాది సార్. ఎందుకు పడిపోతాదో తెలీదు. అది తెలుసుకోకుండా పోవడం ఇష్టం లేదు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"వేరే కాలేజీల్లో కూడా అప్లై చేశారా?"

"లేదండి. ఇక్కడే."

"నిజంగానా?"

ఆ మాట ఆమెకి చురుక్కున తగిలింది. ఇక్కడ తప్ప దిక్కులేదని ఎంచుతున్నాడు కాబోలు. టీ అలాగే వదిలేసి లేచి నిలబడింది.

"సార్, నేను బేరాల మనిషిని. నాన్చుడు నాకు సరిపడదు. బయట అంతమంది ఉన్నారు. నాకు ఛాన్సుందో లేదో ఒక్క ముక్కలో సెప్పేయండి. లేదంటే మధ్యాన్నం బండికి ఎల్లిపోతాను."

మాస్టారు గబగబా వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అన్నారు: "వాళ్ళంతా కంప్యూటర్ కోర్సుకొచ్చారమ్మా; ఈ ఏడు ఎకనమిక్స్‌కి వచ్చింది మీరొక్కరే, మీరూ వెళ్ళిపోతే ఈ కోర్సూ ఉండదు, నా ఉద్యోగమూ ఉండదు."