బల్ల మీద మంచు

"బల్ల మీద ఏముందో చూసి చెప్పమ్మాయ్. కంగారు పడకు. ఎడమ నుంచి కుడికి, మెల్లగా" అన్నాడు మామగారు.

కోడలు కిటికీ దగ్గరి దుర్బిణికి కన్ను ఆనించింది.

ఎదుటి శిఖరానికి నడిమి భాగంలో, ఒక మంచం పట్టేంత రాతి అరుగు ఉంది. దానికి ఆ ఇంట్లో బల్ల అని పేరు. లోయ మొత్తానికి అది కనిపించే కిటికీ ఇదొక్కటే. జీవితమంతా ఇతరులను కొండ ఎక్కించి బతికిన పెద్దమనిషి, ఏరికోరి ఇక్కడ ఇల్లు కట్టుకున్నది అందుకే. ఇప్పుడు ఆయనకు చూపు లేదు. ఎవరైనా జాలిపడితే మాత్రం ఊరుకోడు. "కళ్ళు పోయాయి గానీ, కొండ ఎక్కడికి పోతుంది?" అంటాడు.

కొడుకు నిన్న తెల్లవారకముందే ఒంటరిగా శిఖరానికి బయలుదేరాడు. సాయంత్రానికి రావలసినవాడు, ఈ ఉదయానికీ రాలేదు.

పథకం వేసింది తండ్రే. మొన్న అన్నాల దగ్గర ఉప్పు గిన్నెను శిఖరం చేసి, గరిటెను దారి చేసి చేత్తో తడుముతూ చెప్పాడు. వేసవి తొలి రోజుల్లో ఎక్కే బండ ఆరిపోతుంది. దిగే సందులో మాత్రం మంచు మిగిలే ఉంటుంది. ఎండకు అది మెత్తబడక ముందే దాటాలి. ఆలస్యమైతే సందులో కాలు పెట్టకూడదు, బల్ల మీద ఆగిపోవాలి. ఒకవేళ బల్ల మీద కూడా మంచు ఉంటే అక్కడ నిలువరాదు. తిరిగి పైకెక్కి, అవతలి లోయలోకి దిగిపోవాలి.

"సరే నాన్నా, ఇది వెయ్యోసారి" అని కొడుకు నవ్వాడు.

ఫోన్‌లో గాలింపు దళం నాయకుడు వేచి ఉన్నాడు. ఒకప్పుడు ఈయన శిష్యుడే.

"గురువుగారూ, మధ్యాహ్నానికి గాలివాన తప్పదు. ఈ గాలికి హెలికాప్టరు లేవదు. ఉన్నది ఒక్క దళం. ఇటు బల్ల వైపా, అటు అవతలి లోయ వైపా? ఒకటే చెప్పండి. అటు వెళ్తే ఇక ఇవాళ ఇటు రాలేం."

వృద్ధుడు ఫోన్‌ను గుండెకు అదుముకున్నాడు.

"ఏమ్మా?"

"మంచే మావయ్యా. ఇంకేం లేదు."

ఆయన నొసలు ముడిపడింది.

"బల్ల మీద మంచా? అన్నిటికన్నా ముందు ఆరేది అదేనే!"

"నేనూ అదే అనుకున్నాను. ఈ ఏడు చలి ఎంతకీ వదల్లేదుగా."

"రంగెలా ఉంది?"

"తెల్లగా లేదు. మాసిన దుప్పటి పరిచినట్టుంది. అంచుల వెంట నీళ్ళు కారుతున్నాయి."

"పాత మంచే" అని ఆయన తల పంకించాడు. "నేర్పింది బాగానే ఒంటబట్టించుకున్నావు. మనిషి జాడ? రెండు చేతులూ ఎత్తితే రమ్మని, ఒక చెయ్యి ఎత్తితే వద్దని. గుర్తుందా?"

"ఎలా మరిచిపోతాను? కొత్తకోడలిగా వచ్చినప్పుడు, చాలు చాలని రెండు చేతులూ ఎత్తాను. అప్పటికి మీకు చూపుంది. గిన్నెడూ నా కంచంలో బోర్లించారు."

అంత బెంగలోనూ ఆయనకు నవ్వొచ్చింది. చెయ్యి చాచి ఆమె భుజం తట్టబోయాడు. ఉన్ని మఫ్లరు తగిలింది.

"ఎండాకాలంలో ఇదేమిటి?"

"పొద్దుటి చలికి వేసుకున్నాను. మా తమ్ముడిది."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ కుర్రవాడు నిరుడు ఇదే రోజుల్లో ఇదే శిఖరానికి వెళ్ళి తిరిగి రాలేదు. కొడుకు చూసి చెప్పిన మాట మీద దళాన్ని అవతలి లోయకు పంపారు. వారం తరువాత వేరే జట్టు శిఖరం ఎక్కబోతే, బల్ల మీద శవమై దొరికాడు. మంచుగొడ్డలి కర్రకు జెండాలా కట్టి ఉన్న మఫ్లరును విప్పి అక్క చేతికిచ్చింది ఆ జట్టువాళ్ళే.

"ఆ బావాబావమరుదులు ఉప్పూ నిప్పూ. కాదనను" అన్నాడాయన, గొంతు సవరించుకుని. "అయినా ఆ రోజు నా కొడుకు ఈ కిటికీ వదల్లేదమ్మాయ్. కళ్ళు కాయలు కాసేలా చూశాడు. పాపం, వాడికేం కనబడలేదు."

"అవును మావయ్యా. నేను పక్కగదిలోనే ఉన్నాను. ఆయన చెప్పింది విన్నాను."

"అది తలుచుకుని భయపడకు. వీడికేం కాదు. వీడు నా మాట జవదాటడు."

"దాటరు. మీరెక్కడ ఉండమంటే అక్కడే ఉంటారు."

ఆ మాటతో ఆయనకు ధైర్యం వచ్చింది. ఫోన్ చెవికి పెట్టుకుని, వెన్ను నిటారు చేశాడు.

"అవతలి లోయకు వెళ్ళండి. బల్ల మీద మంచుంది. వాడక్కడ ఆగడు."

"ఖాయమేనా గురువుగారూ?"

"నా కోడలు చూసింది. నేను చూసినట్టే."

దూరాన బండి బయలుదేరిన చప్పుడు వినిపించింది. ఊరి చివర మలుపు దగ్గర అది అవతలి లోయ దారి పట్టింది. ఆయన చెవి రిక్కించి, ఆ చప్పుడు అణగిపోయేదాకా విన్నాడు.

"కిటికీ వేసెయ్యమ్మా. గాలి కొడుతోంది."

"వేస్తాను మావయ్యా" అంటూ ఆమె చివరిసారిగా దుర్బిణిలోకి చూసింది.

మంచు మరకైనా లేని బల్ల మీద, ఒక కాలు నేల మోపలేక ఒంటికాలిపై నిలబడి, ఆమె భర్త రెండు చేతులూ పైకెత్తి సరిగ్గా ఆ కిటికీ వైపే చూస్తున్నాడు.