నీళ్ళ సంచిలో వాసన

"అమ్మా, ఈ నీళ్ళు వాసనొస్తున్నాయి."

బస్సు కొండదారి మలుపులు ఎక్కుతోంది. కిటికీ పక్కన కూర్చున్న బుల్లి, నీళ్ళ సంచి పైపు నోట్లోంచి తీసేసి మొహం అదోలా పెట్టింది.

"మొదలెట్టావా వేషాలు! తాగు," అంది తల్లి.

వీపుకి తగిలించుకునే నీళ్ళ సంచి కావాలని ఇల్లు పీకి పందిరేసింది పిల్ల. తీరా కొనిచ్చాక ఒకరోజు ప్లాస్టిక్ వాసన, ఒకరోజు రబ్బరు వాసన. మొన్నటికి మొన్న ఆటల పోటీలో నీళ్ళు తాగక కళ్ళు తిరిగి పడిపోయింది కూడా.

"నోరు మండుతోందమ్మా."

"కొండ మీద కళ్ళు తిరిగితే మోసే ఓపిక నాకు లేదు. ఒక్క గుక్క తాగు."

పక్క సీట్లో ఆవిడ చటుక్కున ఇటు తిరిగింది.

"తాగనివ్వకండి," అంది.

"ఏంటండీ?"

"ఆ పైపు ఓసారి ఇలా ఇవ్వండి. వాసన చూస్తాను."

ముక్కూ మొహం తెలియని మనిషి, పిల్ల నోట్లో పెట్టుకునే పైపు వాసన చూస్తుందట! తల్లికి ఒళ్ళు మండింది.

"అక్కర్లేదు. రాత్రే మా ఆయన శుభ్రంగా కడిగి పెట్టారు."

"కడిగేసి నింపారా, కడగడానికి నింపారా?"

"మీ పని మీరు చూసుకోండి!"

ఆ పంతంలోనే పైపు మళ్ళీ పిల్ల నోటికి అందించింది. "తాగవే!"

అంతే. ఆవిడ ఒక్క ఉదుటున లేచి పైపు పట్టుకుని లాగేసింది. పైపు ఊడి, సంచిలో నీళ్ళన్నీ తల్లి ఒళ్ళో పడ్డాయి. బుల్లి కెవ్వుమంది.

బస్సంతా ఒంటికాలి మీద లేచింది.

"పసిపిల్ల మీద పడతావేంటి!"

"మతి ఉన్న మనిషేనా? దించేయండి!"

"ముందు పాప నోరు కడిగించండి," అంటూనే ఉంది ఆవిడ.

"ముందు నువ్వు దిగు!" అని అరిచింది తల్లి.

కండక్టరు బస్సు ఆపించాడు. నరమానవుడు లేని మలుపులో ఆవిడ దిగింది. దిగే ముందు మూత తీయని నీళ్ళ సీసా ఒకటి బుల్లి చేతిలో పెట్టింది.

బస్సు కదిలాక పిల్ల ఆ నీళ్ళతో పుక్కిలించి పుక్కిలించి కిటికీలోంచి ఊసింది. తల్లి చూసీ చూడనట్టు ఊరుకుంది.

కొండ మొదట్లో బస్సు దిగారు.

"అమ్మా, నీ ప్యాంటు చూడు!"

నల్ల ప్యాంటు. నీళ్ళు పడ్డ చోటల్లా రంగు పోయి ఇటుకపొడి రంగు మచ్చలు తేలాయి. తల్లి తడి మీద వేలు రాసి ముక్కు దగ్గర పెట్టుకుంది. బాత్రూములు కడిగే మందు వాసన.

పైప్రాణాలు పైనే పోయాయి.

"సంచిలో ఏం పోశారు?" ఫోన్లో భర్తని అడిగింది.

"బ్లీచింగు. పైపు నిండా నల్లగా బూజు పట్టింది, ఘాటుగా కలిపి నానబెట్టాను. పొద్దున బాగా కడిగి నీళ్ళు పట్టమన్నానుగా."

"ఎప్పుడన్నారు?"

"రాత్రి పడుకున్నాక. నువ్వు ఊఁ అన్నావు కూడా!"

"నిద్రలో అన్న ఊఁ కూడా ఒక ఊఁయేనా! తెచ్చి వంటింటి కొక్కేనికి తగిలిస్తే నేనేమనుకోవాలి?"

ఆ ఇంట్లో సంచి కొక్కేనికి వేలాడుతోందంటే నీళ్ళు నిండి ఉన్నట్టే. నింపి తగిలించడం ఆయన పని, తీసి పిల్ల వీపుకి వేయడం ఈవిడ పని. ఎన్నడూ తేడా రాలేదు.

ఫోన్ పెట్టేసి బుల్లి నోరు తెరిపించి చూసింది.

ఆమె వాలకం చూసి గేటు దగ్గరున్న గైడు, కొండెక్కించే అమ్మాయి, పరుగున వచ్చింది. సంగతి విని, టార్చి వేసి బుల్లి నోట్లోకి చూసింది.

"మింగావా తల్లీ?"

"లేదక్కా. ఊసేశాను."

"నాలుక ఎర్రబడిందంతే. వెంటనే పుక్కిలించింది కాబట్టి బతికిపోయాం. అయినా డాక్టరుకి చూపిద్దాం, జీపు ఉంది. ఇంతకీ ఎవరు కనిపెట్టారండీ?"

తల్లి చెప్పింది. నడిదారిలో దించేసిన సంగతి తల దించుకుని చెప్పింది.

గైడు మొహం పాలిపోయింది.

"అయ్యో, మా అక్కనా! మేమంతా అక్కా అనే పిలుస్తాం. ప్రతి ఆదివారం ఈ గేటు దగ్గర నిలబడి, కొండెక్కే ప్రతి మనిషి సంచీ వాసన చూసి పంపుతుంది. రమ్మన్నవాళ్ళు లేరు, జీతమిచ్చేవాళ్ళు లేరు. తిట్టేవాళ్ళే ఎక్కువ."

ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా... ఆఁ, ఇక్కడే ఉన్నారు... లేదక్కా, మింగలేదట. నిజంగా మింగలేదు."

"ఏమంటున్నారు?" అంది తల్లి.

"ఒకటే మాట. పాప మింగిందా అని."

"ఒక్కసారి నాకివ్వండి! ఆవిడ కాళ్ళు పట్టుకోవాలి నేను."

ఫోన్ అందుకునేసరికి ఆవిడ పెట్టేసింది. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్.

"ఇక రాదేమోనండీ," అంది గైడు. "ఇంకొక్కరు గెంటినా ఈ గుమ్మం తొక్కనని పోయినవారమే ఏడ్చింది."

తల్లి కళ్ళ నీళ్ళు ఆగడం లేదు. బుల్లిని గుండెకి హత్తుకుని అడిగింది.

"ఎవరండీ ఆవిడ? నర్సా?"

గైడు జీపు తలుపు తీసి పట్టుకుంది.

"ఈ కొండకే వస్తూ ఒక పిల్లాడు ఇలాంటి నీళ్ళు తాగాడు. గొంతు లోపలంతా కాలిపోయింది. ఇప్పటికీ వాడికి తిండి నోటితో కాదు, పొట్టకి వేసిన గొట్టంతోనే. వాసనొస్తోందని వాడు చెబుతున్నా వినకుండా తాగించింది ఆవిడేనండీ, కన్నతల్లి."