గేదెనొద్దన్న బదులు పంతులు

రండర్రా, దగ్గరికి జరగండి! ఆ వెనకాల గుసగుసలు ఆపండి. లోవమ్మా, చుట్ట ఆర్పక్కర్లేదే, నోరు మూస్తే చాలు.

గోదారి మీద రైలు వంతెన ఇంకా లేని రోజులు. ఏటి నడిమి లంకలో ఓ పెంకుటింటి అరుగు మీద చంద్రరావు నులకమంచంలో కూరుకుపోయి, కాళ్ళు ఆకాశానికెత్తి గింజుకుంటన్నాడు. మంచం తాడు విప్పేసిన ఆ ఇంటి కుర్రాడు అబ్బులు, పక్కన వాడి చెల్లి చిన్నమ్మాయి పొట్టలు పట్టుకు నవ్వుతన్నారు.

"ఎవర్రా విప్పింది?"

"ఎలకండి, బావగారూ!"

"బావేంటిరా! పంతులుగారూ అను!"

వాళ్ళు ఇంకా నవ్వేరు. ఆ లంకల్లో అంతే, రేవులో పడవ దిగినవాడల్లా బావే.

లంకబడి పంతులు చిట్టియ్యగారు జ్వరంతో పడుకుంటే, ఆయన లేచేదాకా ఆయన బదులు పాఠాలు చెప్పమని రాజమంద్రంలో పెద్దపంతులుగారు ఇతన్ని పంపేరు. పంపుతా ఒకటే చెప్పేరు. "పిల్లలకి చనువివ్వకు. వాళ్ళిళ్ళల్లో మెతుకు ముట్టకు. ఒక్క మాట వచ్చిందా, ఇంకే బళ్ళోనూ నీకు చోటుండదు."

ఒట్టేసి వచ్చేడు మనోడు. పడవ దిగీ దిగగానే ఈ పిల్లలే చెరో చెయ్యీ పట్టుకు లాక్కొచ్చి అరుగెక్కించేరు. ఒక్కడూ పలక తేలేదు. "ఓనమాలు దిద్దండ్రా" అంటే, "మీరు దిద్దండి, మేం చూస్తాం" అంటారు!

అది చాలక, చూపు ఆనని ఆ ఇంటి ముసలావిడ అప్పాయమ్మగారు గారెలు తెచ్చింది. ఎన్నంటే, వరసగా పేరిస్తే గోదారి మీద నడిచెళ్ళిపోవచ్చు.

"వద్దండి."

"నేతిలో వేయించేం నాయనా!"

"ముట్టకూడదండి. మా పెద్దాయన మరీమరీ చెప్పేరు."

మర్నాడు పట్టుపంచె తెచ్చింది. మొహం తిప్పుకుని, మూటలో అటుకులు బుక్కేడు. మూడోనాడు పాడిగేదెని తోలుకొచ్చి మంచంకోడుకే కట్టేసింది.

"ఇంకేం కావాలో నోరు తెరిచి చెప్పు నాయనా!"

"ఏమీ వద్దు తల్లీ! ఈ పిల్లల్ని కాస్త హద్దులో పెట్టండి!"

"నువ్వే రెండు తగిలించు. నీకు లేని హక్కేంటి!"

గేదె అటుకుల మూట నమిలేసింది. చంద్రరావుకి ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడే ఇంటాయన అమ్మిరాజుగారు కోరుకొండ సామి దర్శనం చేసుకుని వచ్చేరు. వెనకాలే సామాను మోసుకుంటా పడవవాడు ముసలయ్య.

చంద్రరావు విరుచుకుపడ్డాడు. "ఏంటండీ ఇది? పంతులంటే లెక్క లేదా మీ పిల్లలకి? మీరేమో గేదెల్ని లంచమిస్తారు! నా ఉద్యోగం ఊడగొడదామనా?"

అమ్మిరాజుగారు తెల్లమొహం వేసేరు. "పంతులా? మా ఇంట్లోనా?"

అప్పాయమ్మగారి చేతిలో గిన్నె జారిపోయింది. "పెళ్ళికి నేనూ పిల్లలూ రాలేదాయె, ఈయనే అనుకున్నాం!"

ముసలయ్య మూట దింపి బుర్ర గోక్కున్నాడు.

"అదేంటండీ, అవతల లంకబడిలో మీ కొత్తల్లుడుగారు పిల్లలకి ఎక్కాలు బెమ్మాండంగా చెప్తన్నారు కదండీ!"