ధర కదలొచ్చు, లెక్క కదలకూడదు

"లాప్‌టాప్ తెరువు. వాలెట్ జోలికి మాత్రం పోకు," అంది అక్క.

తమ్ముడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెద్ద ఆఫీసులో ఫైర్‌వాల్ చూసే ఉద్యోగం అతనిది. ఏ కంప్యూటర్ బయట ఎవరితో మాట్లాడుతోందో కనిపెట్టడం, అక్కర్లేని మాటలు ఆపించడం రోజూ చేసే పనే.

"వాలెట్ తెరవకపోతే అది ఎవరితో మాట్లాడుతుందో ఎలా తెలుస్తుందక్కా?"

"పాత చిట్టా ఉంటుందన్నావుగా. అది చూసి చెప్పు."

ఉంది. పది రోజుల కిందటిది. ఆ పొద్దునే ఆమె భర్త గుండె పట్టుకుని కుర్చీలోంచి కూలిపోయాడు. అప్పటి నుంచి లాప్‌టాప్ మూసే ఉంది. రేపు ఆయన ఇంటికొస్తున్నాడు. రాగానే అడిగేది మంచినీళ్ళు కాదు, ఇదే. ఆరేళ్ళుగా క్రిప్టో నాణేలు కూడబెట్టుకున్న వాలెట్ అది. కథల్లో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు ఈయన ప్రాణం అందులో ఉంటుంది. ఆరు వారాల దాకా ఏ చెడ్డ కబురూ చెవిన పడకూడదని డాక్టర్ మరీ మరీ చెప్పి పంపుతున్నాడు.

తమ్ముడు చిట్టా మీద వేలు పెట్టాడు.

"మూడే మూడు. ఇది కొత్త వెర్షన్ వచ్చిందా అని అడగడానికి. ఇది ఇవాళ్టి ధర తేవడానికి. ఇదుగో, ఈ మూడోదే అసలుది. నాణేలు ఎన్నున్నాయో వాలెట్ కనుక్కునేది దీని దగ్గరే."

"ఆ మూడోది ఆపేస్తే?"

"చివరిసారి చూసిన లెక్కే చూపిస్తూ ఉంటుంది. ఇక్కణ్ణుంచి పంపడానికీ ఉండదు."

"ఆపెయ్. ధర మాత్రం రానీ. ఆరు వారాలయ్యాక ఆ అడ్డు తీసేద్దువుగాని."

తమ్ముడు నవ్వాడు. "దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయంటారు. నువ్వు నయం, ముందే మేల్కొన్నావు. కానీ అక్కా, వాలెట్‌కి తాళంచెవి లాంటి ఆ రహస్యపు మాటలు పన్నెండూ చేజిక్కితే దొంగ తన ఫోన్లోంచే అంతా ఊడ్చుకుపోతాడు. మన ఫైర్‌వాల్‌కి తెలియను కూడా తెలియదు."

"సరేలే. నువ్వు ఆపెయ్."

ఆమెకు భయం వెయ్యలేదు. ఏడుపూ రాలేదు. ఆస్పత్రి వరండాలో కూర్చుని కూర్చుని ఒళ్ళూ మనసూ మొద్దుబారిపోయాయి. ఎదురుగా ఉన్న టీ ఎప్పుడో చల్లారింది. అలాగే తాగేసింది.

"లైను తెగిందని మూలన ఎర్ర చుక్క కనిపిస్తుంది. బావ అడుగుతాడు," అన్నాడు తమ్ముడు.

"దొంగల భయానికి నువ్వే ఆపావని చెప్పు. నీ మాటంటే ఆయనకి గురి."

"అలాగే. పోన్లే, ఆపరేషన్‌కైన ఆస్పత్రి బిల్లన్నా ఇన్సూరెన్సు వాళ్ళు కట్టారు."

"ఊఁ," అంది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన వచ్చాడు. వీపు వెనక రెండు దిళ్ళు పెట్టించుకుని, లాప్‌టాప్ ఒళ్ళోకి తీసుకున్నాడు. ఎర్ర చుక్క చూసి మొహం చిట్లించాడు. బావమరిది సంగతి చెప్పాడు.

"మంచి పని చేశావోయ్. బయట రోజులు బాగాలేవు."

నాణేల లెక్క ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. పక్కనే ధర మారింది, మళ్ళీ మారింది. ఆయన మొహంలోకి రక్తం వచ్చింది. ఆమె మాత్రం ఆయన వేలికి తొడిగిన మీటరే చూస్తోంది. నాడి డెబ్బై రెండు. నిలకడగానే ఉంది.

"చూశావా," అన్నాడు భార్యతో, "చావు అంచుదాకా వెళ్ళొచ్చినా ఒక్క నాణెం ముట్టుకోలేదు."

"అవునండీ," అంది ఆమె, సాయంత్రం బిళ్ళలు వేరు చేస్తూ.

ఆపరేషన్ రోజు పొద్దున ఆయన డైరీలోని పన్నెండు మాటలూ తన ఫోన్లో కొట్టి, ఉన్న నాణేలన్నీ అమ్మేసి ఆస్పత్రికి కట్టింది ఆమే.