నీలం పీలికలు

మొదటిది కొండ మొదట్లోనే కనిపించింది. నీలం రంగు ప్లాస్టిక్ కవరు పీలిక. రాయి కింద సగం దూరి, సగం బయటికి వేలాడుతోంది.

"చూశావా? ఇక్కడిదాకా వచ్చేశారు మహానుభావులు," అన్నాడు నాగసతీష్ ముక్కు చిట్లించి.

చెత్త కనబడితే మొగుడికి ఏమవుతుందో వాణికి తెలుసు. అమలాపురంలో ఉన్నప్పుడు కాలువ గట్టు మీద కోడి ఈకలు, పిల్లల డైపర్లు పారేసేవాళ్ళతో రోజూ తగువే. ఆదివారం వచ్చిందంటే చేతులకు తొడుగులేసుకుని, గోనెసంచి పట్టుకుని బయల్దేరేవాడు. మస్కట్‌లో ఉద్యోగం వచ్చి రెండేళ్ళయినా ఆ అలవాటు పోలేదు.

ఆ శుక్రవారం మూడు గంటలు కారు నడుపుకుని వచ్చారు. చుట్టూ ఎడారి. ఊరు లేదు, చెట్టు లేదు, ఫోనుకి సిగ్నల్ లేదు. నడిమధ్యన ఆ కొండ ఒక్కటే, ఎరుపు, పసుపు, ఊదా, తెలుపు చారలతో జంపఖానా నిలబెట్టినట్టుంది. కింద ఇంకో కారు ఆగి ఉంది. ఆ కారువాళ్ళ పనేనని సతీష్ అప్పుడే తేల్చేశాడు.

పీలికను సంచిలో వేసుకున్నాడు. యాభై అడుగులు వెళ్ళాక ఇంకోటి. ఆ పైన మరోటి.

"తిని పారేశారంటే అదో రకం. వీడు చింపి చింపి మరీ పారేస్తున్నాడు. పైగా నీలం. ఈ కొండలో ఎక్కడా లేని రంగు. ఎంత దూరంనుంచైనా కళ్ళలో గుచ్చుకుంటోంది."

"పోనిద్దురూ. ఎక్కడానికొచ్చాం."

"నువ్వెక్కు. నేను ఏరుకుంటూ వస్తా."

గంటసేపు గులకరాళ్ళ మీద జారుతూ నడిచారు. తర్వాత నడక లేదు, పాకడమే. ఎటు చూసినా ఒకేలాంటి రాతి చీలికలు. ఏ చీలికలో దూరాలో సతీష్ ఫోన్లో ముందే దింపుకున్న మ్యాపు చూసి చెబుతున్నాడు. చేతులతో పట్టు దొరకబుచ్చుకుని, మోకాళ్ళు గీరుకుంటూ పైకి లేస్తున్నారు. పట్టుకున్న రాయి ఒక్కోసారి పసుపు పొడి రాలుస్తూ ఊడి చేతిలోకొస్తోంది.

చెత్త మాత్రం ఆగలేదు. కవరు అయిపోయినట్టుంది, ఇప్పుడు అట్టముక్కలు. ఒకదాని మీద తెలుగు అక్షరాలు. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా.

సతీష్ మొహం కందగడ్డయింది. "మనవాళ్ళే. సముద్రం దాటినా బుద్ధి మారదు. ఛీ."

ఆ తర్వాత బత్తాయి తొక్కలు. ఆ తర్వాత బిస్కెట్ పొట్లం వెండి కాగితం. ఆ తర్వాత ఒక మేజోడు. చెమట కంపు కొడుతున్న దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని సంచిలో పడేశాడు.

ఒక బండ నీడలో రెండు లీటర్ల సీసా, దాదాపు నిండా నీళ్ళు. మూత తీసి చూశాడు. అంచున ఏదో తీపి తిన్న మూతి మరక.

"ఎంగిలి నీళ్ళు," అని గుమ్మరించేశాడు. ఎర్రటి రాయి చిటికెలో పీల్చేసుకుంది.

"అయ్యో, నీళ్ళెందుకండీ పారబోశారు?" అంది వాణి.

"నువ్వు తాగుతావా?"



శిఖరం ఇంకా వంద అడుగులుందనగా నున్నటి ఊదారంగు బండ అడ్డొచ్చింది. వాణి బూట్లు రెండుసార్లు జారాయి. ఇక చాలనుకున్నారు. ఆ బండ పగుల్లో తెల్లటి జడ రిబ్బను ఒకటి దూర్చి ఉంది. సతీష్ అందుకుని, దాన్నీ లాగేశాడు.

దిగేటప్పుడు ఒకచోట దారి తప్పారు. వెళ్ళిన చీలిక చివర లోయ, అడుగు వేస్తే పాతాళమే. ఫోన్ చూసుకుని, గుండెలు చిక్కబట్టుకుని వెనక్కొచ్చి, సరైన చీలిక పట్టుకున్నారు. కిందికి చేరేసరికి నాలుగున్నరయింది. కొండ నీడ కార్ల దాకా సాగింది.

రెండో కారు దగ్గర ఒకావిడ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. వీళ్ళ మాటలు విని గబగబా ఎదురొచ్చింది.

"తెలుగువాళ్ళా అండి?"

"ఆయ్. మాది అమలాపురం," అన్నాడు సతీష్.

"మాది ముమ్మిడివరం అండి. నా పేరు కనకదుర్గ. మా ఆయనా, పాపా పొద్దున్నే ఎక్కేరండి. నాకు మోకాళ్ళ నొప్పులు, కార్లోనే పడుకుని ఉండిపోయేను. పైన కనపడ్డారా అండి?"

"మేం శిఖరం దాకా వెళ్ళలేదండి. మీవాళ్ళు కనపడలేదు. మీవాళ్ళు చేసిన పని మాత్రం బాగా కనపడింది."

సంచి తిరగేసి ఆవిడ కాళ్ళ ముందు కుమ్మరించాడు. నీలం పీలికలు, అట్టముక్కలు, తొక్కలు, మేజోడు, ఖాళీ సీసా.

"చదువుకున్నవాళ్ళేనా అండి? ఇంత అందమైన చోటుకొచ్చి ఇదేనా మనం చేసేది? చిన్నపిల్లని పక్కన పెట్టుకుని మరీ నేర్పుతున్నారా? చూస్తుంటే వాంతి వచ్చిందండి నాకు. మొత్తం ఏరేశాను. పైనుంచి కిందిదాకా ఒక్క ముక్క మిగల్లేదు."

కనకదుర్గ కుప్పవైపు చూసింది. మెల్లగా కూర్చుంది. పీలికల్లోంచి తెల్ల రిబ్బను ఏరి, మట్టి దులిపి, వేలికి చుట్టుకుంది. ఆమె పెదవులు తెల్లబడ్డాయి. వాణి చెయ్యి సతీష్ మోచేతిని గట్టిగా పట్టుకుంది.

"దిగేటప్పుడు దారి తెలియాలని మలుపుకొకటి పెట్టుకుంటూ వెళ్తానన్నారండి, మా ఆయన," అంది కనకదుర్గ.