దొరికిన నాణేల పెట్టె

త్రినాథ్ మాస్టారింట్లో పోయిన పాత నాణేల పెట్టె రేపల్లెలో దొంగ దగ్గర దొరికింది. తెనాలి బీమా ఆఫీసరు మాత్రం ఇవ్వనన్నాడు.

"క్లెయిము తీసుకున్నారుగా మాస్టారూ. ఇక అవి కంపెనీవండి. కావాలంటే ఆ డబ్బు తిరిగి కట్టండి."

"నా నాణేలు నేనే కొనుక్కోవాలా?"

ఆ డబ్బు స్కూటరైపోయింది. నాణేలను ఎప్పుడూ చిల్లపెంకులనే భార్య నాగరత్నమే, "స్కూటరు అమ్మైనా తెండి" అని పోరింది. ఇన్నాళ్లకు తన పిచ్చి ఆమెకు అర్థమైందనుకున్నాడు.

స్కూటరు అమ్మి, చాలనిదానికి అప్పు చేసి, పెట్టె ఇంటికి తెచ్చాడు. నాగరత్నం తలస్నానం చేసి, పట్టుచీరలో గుమ్మంలోనే నిలబడి ఉంది.

"కింద పెట్టకండి. బాపట్ల బస్సుకు వేళైంది."

"ఇప్పుడు బాపట్ల ఏంటి?"

"దొరికితే మొత్తం భావనారాయణస్వామి హుండీలో వేస్తానని, పెట్టె పోయినప్పుడే మొక్కుకున్నానండి."