పచ్చిక మీద పంతం

“ముందు నన్ను తొక్కించి, తర్వాత వెయ్యండి మీ బోరు!”

పార్కు పచ్చిక మధ్యలో, బోరు లారీకి అడ్డంగా నిలబడి అరుస్తున్నాడు పార్కు సంఘం అధ్యక్షుడు. ఆయనకు కోపం ముక్కుమీదే ఉంటుంది. అది వస్తే ఎదురుగా ఉన్నది సొంత కోడలని కూడా చూడడు. ఆ కోడలు పక్కనున్న బడికి హెడ్మిస్ట్రెస్.

“మావయ్యగారూ, ఇది నీళ్ళ బోరు కాదు. లోతుగా గొట్టాలు దించి, నేలలోని వెచ్చదనాన్ని తరగతి గదుల్లోకి తెస్తాం. చలికి పిల్లల వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. పెన్ను పట్టుకోలేకపోతున్నారు.”

“చలా? నా మనవరాలు మీ ఒకటో తరగతిలోనే కదమ్మా చదివేది! స్వెట్టరు విప్పేసి కూర్చుంటోంది. ఎవరి చెవిలో పువ్వులు పెడతావు?”

కోడలికి ఒళ్ళు మండిపోయింది. “ఎంతసేపూ ఆ ఒక్క గదేనా? మిగతా గదుల్లో ఒక్క పూట కూర్చుని చూడండి, తెలుస్తుంది!”

డ్రైవరు లారీలోంచి తల బయటికి పెట్టాడు. “మేడం, మిగతావి వెయ్యమంటారా, వద్దా? ఇవాళ తప్పితే బండి వేరే ఊరు పోతుంది. మళ్ళీ ఏడాదికే.”

“పోనీ! పీడా విరగడవుతుంది!” అన్నాడు పెద్దాయన. “మొన్న వేసవి సెలవుల్లో కంటి ఆపరేషనై నెల రోజులు గడప దాటలేదు నేను. ఆమాత్రానికే బెంచీలు విరగ్గొట్టారు, కుళాయి పీకేశారు. నా అదృష్టం బాగుండి ఈ గడ్డి జోలికి ఎవడూ రాలేదు.”

నడకకు వచ్చినవాళ్ళు నేలచూపులు చూశారు. టీ తాగుతున్న వాచ్‌మన్‌కి పొలమారింది.

పెద్దాయన అంత చలిలోనూ చెప్పులు విడిచి, కాళ్ళు గడ్డిలో గట్టిగా ఆనించాడు. “చూడండర్రా, పరుపులా లేదూ? బోరు వేసిన చోట జన్మలో మళ్ళీ గడ్డి పరక మొలుస్తుందా? మొలిస్తే నా మీసం గొరిగించుకుంటా!”

“అంత మాట అనకండి మావయ్యగారూ.”

“అంటాను! మొలిచిన చోటు ఒక్కటి చూపించు. నేనే దగ్గరుండి వేయిస్తా నీ బోర్లన్నీ!”

ఆయన రక్తపోటుకు భయపడి ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ నోరు కుట్టేసుకున్నారు. ఇక కోడలివల్ల కాలేదు.

“మీరు నిలబడ్డది ఆ వేసవిలో వేసిన ఒకటో తరగతి బోరు మీదే!”